జూబ్లీహిల్స్ వంటగదిలో కణాల లెక్క

జూబ్లీహిల్స్, మంగళవారం

ఆ గదిలో ఉన్నవాళ్ళం ముగ్గురం. కంపెనీ డైరెక్టరు డాక్టర్ సూర్యనారాయణ గారు, కణాలను లెక్కపెట్టే టెక్నీషియన్ శ్రీలత, కాకినాడ నుంచి వచ్చిన నేను. ఉన్న వస్తువులు: ఇంక్యుబేటర్ ఒకటి, మైక్రోస్కోపులు రెండు, ఆరేసి గుంటలున్న ప్లాస్టిక్ ప్లేట్లు మూడు, గళ్ళు గీసిన గాజు పలక ఒకటి, బొటనవేలితో నొక్కితే అంకె పెరిగే మీట ఒకటి, పాత నోటు పుస్తకాలు నాలుగు, గోడకు అంటించిన టైపు కాగితం ఒకటి. ఇవి కాక ఒక చిమ్నీ, గ్రానైట్ గట్టు, పసుపు మరక వదలని సింకు. అది ఒక సినీ నిర్మాత కట్టుకున్న ఇల్లు. కంపెనీ దాన్ని అద్దెకు తీసుకుని మేడమీద ఆఫీసు, కింద వంటగదిలో ప్రయోగశాల పెట్టుకుంది.

పదిన్నరకు రమ్మన్నారు. నేను చేరేసరికి పదకొండు దాటింది. ఫిల్మ్‌నగర్ వైపు నుంచి నడిచి వస్తుంటే సందు మొదట్లో వాకీటాకీ పట్టుకున్న అసిస్టెంట్ డైరెక్టరు ఒకాయన ఆపేశాడు.

"షాటుంది బ్రదర్, రెండు నిమిషాలు."

రెండు నిమిషాలు పది అయ్యాయి. ఈలోగా ఆయన నన్ను తల నుంచి చెప్పులదాకా చూశాడు.

"సాఫ్ట్‌వేరా?"

కాదన్నాను.

"పర్లేదు, అలాగే ఉన్నారు. ఆ బ్యాగు భుజానేసుకుని ఆ గేటు ముందు నుంచి అలా నడవండి. వెనకాల ఎవరూ లేక బోసిగా ఉంది."

మూడుసార్లు నడిచాను. రెండోసారి కెమెరా వైపు చూశానట. అయ్యాక ఒక ఉప్మా పొట్లం చేతిలో పెట్టారు. మా ఊళ్ళో ముక్కూ ముఖం తెలియని మనిషి చేత పని చేయించుకోవాలంటే ముందు మంచినీళ్ళిచ్చి, ఎవరి తాలూకో కనుక్కుంటారు. ఇక్కడ పని ముందు, ఉప్మా తర్వాత. అందులో జీడిపప్పు ఉంది. సాఫ్ట్‌వేరా అని ఆ నాలుగు రోజుల్లో నన్ను తొమ్మిదిమంది అడిగారు. సంచీ భుజాన వేసుకున్న పాతికేళ్ళవాడు ఆ రోజుల్లో హైదరాబాదులో ఇంకేదైనా అయి ఉంటాడని ఎవరికీ తోచేది కాదు.

నా పని ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. మన ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే కణాల్లో టి-కణాలు ఒక రకం. మామూలుగా అవి నిద్రలో ఉన్నట్టుంటాయి. సైటోకైన్ అనే ప్రోటీను వాటికి కబురులాంటిది. సిద్ధంగా ఉన్న కణానికి ఆ కబురు అందితే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పెరుగుతున్న కణాలే ఆ కబురును కొంచెం కొంచెంగా తినేస్తుంటాయి. అది అయిపోతే ఆగిపోతాయి. ఎంత మోతాదు వేస్తే ఎన్నో రోజుకు ఎన్ని కణాలుంటాయో ముందుగా చెప్పే సమీకరణాలు రాయడం నా పరిశోధన. కాకినాడలో కూర్చుని నేను రాస్తాను. ఈ వంటగదిలో శ్రీలత లెక్కపెడుతుంది, మేడమీది ఆఫీసువాళ్ళు ఆ అంకెలు నాకు పంపుతారు.

తక్కువ మోతాదుకు గ్రాఫు మీద నా సమీకరణం గీసిన గీత ఆమె అంకెల మీదుగా చక్కగా పోయింది. ఎక్కువ మోతాదుకు మాత్రం మూడో రోజు నుంచి, నేను చెప్పినదాంట్లో సగం కణాలే ఆమె లెక్కకు వచ్చేవి. కబురు మరీ ఎక్కువైతే కణాలు చస్తాయని నేను అనుకున్నాను. ఆ చావుకు సమీకరణంలో ఒక పదం చేర్చాను. చేర్చగానే గీత అన్ని చుక్కలనూ తాకింది. డాక్టర్ గారి ఉద్దేశం వేరు. లెక్కపెట్టే చెయ్యి బాగాలేదని ఆయన నమ్మకం. నా పరిశోధనకు గైడైన మా మాస్టారు ఇద్దరి మాటా విని, "వెళ్ళి పక్కన కూర్చుని చూసిరా" అని నన్ను రైలెక్కించారు.

డాక్టర్ గారు గట్టు మీద చెయ్యి ఆనించి చెప్పారు.

"శుక్రవారం దాకా చూడండి. చేతిలో లోపమా, మీ లెక్కలో లోపమా, ఒక్క పేజీ రాసివ్వండి. పట్టిక వేసి ఇవ్వండి చాలు, నాకు కథలొద్దు."

ఆయన మేడమీదికి వెళ్ళిపోయారు. శ్రీలత చేతి తొడుగులు వేసుకుంటూ అడిగింది.

"సార్, మీరొచ్చింది నా చెయ్యి చూడనీకే గదా?"

"లెక్క చూడడానికండి."

"రెండూ ఒకటే. నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతది. మళ్ళ ఇయ్యాల్నా వద్దా అన్నది మీ కాగితం చూసి చెప్తరంట." తొడుగు మణికట్టు దాకా లాక్కుని మళ్ళీ అంది. "మంచిగ రాయమంటలేను. జర ఉన్నది రాయండి."

ఆమెది నల్లగొండ జిల్లా. మైక్రోబయాలజీలో బీఎస్సీ. ఇక్కడ చేరి రెండేళ్ళయింది. ముందు రోజు ఉదయం ప్లేట్లలో కణాలు వేసి, మూడింటికి మూడు మోతాదుల సైటోకైన్ కలిపి ఉంచింది. ఇప్పుడు ఒక్కొక్క గుంట నుంచి చుక్క తీసి, అంతే నీలిరంగు చుక్క కలిపి, గాజు పలక మీద వేసి, నాలుగు మూలల గళ్ళల్లో కణాలను లెక్కపెట్టింది. పై గీత మీదా ఎడమ గీత మీదా పడ్డవాటిని కలుపుకుంటుంది. కింది గీతవీ కుడి గీతవీ వదిలేస్తుంది. ఆమెకు నలభై ఏడు వచ్చాయి. అదే పలక చూసి నేను ఇరవై తొమ్మిది చెప్పాను.

"ఒక గడి మర్చిపోయిన్రు సార్" అంది నవ్వకుండా.

మళ్ళీ లెక్కపెడితే నలభై ఆరు.

కృష్ణానగర్

జూబ్లీహిల్స్‌లో మనుషులు కార్లలో కనిపిస్తారు, కాలిబాట మీద డ్రైవర్లు మాత్రమే కనిపిస్తారు. కొండ దిగి కృష్ణానగర్ సందుల్లోకి వస్తే అందరూ రోడ్డు మీదే ఉంటారు. నాకు గది అక్కడ, మూడో అంతస్తులో. కింద మెస్సులో భోజనం ఇరవై రూపాయలు, చాయ్ మూడు, పక్కన ఇంటర్నెట్ సెంటర్లో గంటకు పదిహేను. మా వైపు మెస్సుల్లో పప్పు ముందు రావాలి, పెరుగు చివర రావాలి. మధ్యలో వరస తప్పితే వడ్డించేవాడే ఒప్పుకోడు. ఇక్కడ అన్నీ ఒక్కసారే కంచంలో పెట్టేసి వెళ్ళిపోతారు. ఏది ముందో మనమే తేల్చుకోవాలి.

నా పక్క గదిలో మల్లేశం అన్న ఉంటాడు. కరీంనగర్ మనిషి, సినిమాల్లో ఫైటరు. హీరో గుద్దితే గాల్లోకి లేచి బల్లల మీద పడేవాళ్ళలో ఒకడు. సాయంత్రం మెస్సులో నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం పని తమ్మీ? సాఫ్ట్‌వేరా?"

ఈసారి వివరంగా చెప్పాను. ఒకటి రెండవడం, రెండు నాలుగవడం వినగానే తలాడించాడు.

"సమజైంది. మా గల్లీల కిరాయి గదులు గట్లనే పెరిగినయి. మరి లోపమేంది?"

"సగం కణాలు తక్కువొస్తున్నాయన్నా. ఎక్కువ మోతాదు వేస్తే చచ్చిపోతున్నాయి."

"నువ్వు చూసినవా?"

"చూడలేదు. లెక్కలో తేలింది."

మల్లేశం అన్న ముద్ద కంచంలో పెట్టేశాడు.

"చూడకుంటనే సంపినవా? గదేంది తమ్మీ! మా దాంట్ల ఎవడన్న సచ్చిండంటే, ఫైట్ మాస్టర్ ఒక్కొక్కన్ని జూసి ఓకే జెప్పాలె. నేనొక సినిమాల మూడుసార్లు సచ్చిన. అంగీ మార్చుకొని మళ్ళ వెనకనుంచి వచ్చిన. లెక్క రాసెటోడు ముగ్గురు సచ్చిన్రని రాసుకొనుంటడు!"

పక్క బల్ల వాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. గదికి వచ్చాక కాగితాలు ముందేసుకుని, చావుకు నా దగ్గరున్న సాక్ష్యాలు రాద్దామని కూర్చున్నాను. ఒక్కటే వచ్చింది: ఆ పదం చేరిస్తే గీత సరిపోతోంది. రెండో నంబరు వేసి ఎదురు ఏమీ రాయలేకపోయాను.

మళ్ళీ వంటగది, బుధవారం

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. జూబ్లీహిల్స్‌లో ఇంటి నంబర్లు వరసలో ఉండవు. నేను రెండో రోజు కూడా తప్పిపోయి, ఒక పెద్ద గేటు దగ్గర కాపలాదారు చేత "సాఫ్ట్‌వేర్ ఆఫీసైతే ఎనక సందు" అనిపించుకుని, ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాను.

శ్రీలతను మొదట అడిగింది నీలిరంగు గురించి.

"సచ్చిన కణం ఉంటే రంగు దాని లోపటికి పోతది సార్, నీలంగ కనవడ్తది. బతికింది రంగును రానియ్యదు, తెల్లగనే ఉంటది."

"అయితే నీలంవి కూడా లెక్కపెడతారా?"

"పెడ్త. రోజూ రాస్త."

నోటు పుస్తకం తెరిచి చూపించింది. తెల్లవి ఒక గడిలో, నీలివి ఇంకో గడిలో, వ్యాఖ్యలు మూడో గడిలో. మేడమీది ఆఫీసు నుంచి కాకినాడకు వచ్చే ఈమెయిల్లో తెల్లవి మాత్రమే ఉండేవి. నీలివి ఉన్నాయా అని నేనూ ఎన్నడూ అడగలేదు. నాలుగు పుస్తకాలూ గట్టు మీద పరిచి మూడో రోజు పేజీలు చూశాను. తక్కువ మోతాదులో నీలివి మూడు, మూడు, రెండు. ఎక్కువ మోతాదులో మూడు, రెండు, నాలుగు. తేడా లేదు. చచ్చిన కణాలు కొన్నాళ్ళకు కరిగిపోతాయన్న మాట నిజమే. కానీ సగం కణాలు ఒక్క రోజులో చచ్చి, ఆ రోజే జాడ లేకుండా కరగడం జరిగే పని కాదు.

"మరి మిగతా సగం ఎక్కడికి పోయాయి?" పైకే అన్నాను.

"కిందున్నయి గద సార్" అంది శ్రీలత, టైమెంత అని అడిగితే చెప్పినట్టు.

రెండో మైక్రోస్కోపు ప్లేటును అడుగు నుంచి చూపిస్తుంది. దాని మీద తక్కువ మోతాదు ప్లేటు పెట్టింది. నువ్వులు చల్లినట్టున్నాయి. తర్వాత ఎక్కువ మోతాదు ప్లేటు పెట్టింది. కొన్ని నువ్వులు విడిగా ఉన్నాయి, మిగతావన్నీ నువ్వుండల్లా గుంపులు కట్టి అడుగున కూర్చున్నాయి.

"కబురు ఎక్కువైన కొద్దీ గిట్ల గుంపు కడ్తయి. రేపటికి ఇంక పెద్దగైతయి."

"వీటిని లెక్కపెట్టరా?"

ఆమె గోడ మీది టైపు కాగితంలో ఆరో వాక్యం చూపించింది. నమూనాను పైభాగం నుంచి తీయవలెను, అడుగునున్న గుంపులను కదిలించరాదు. కింద డాక్టర్ గారి సంతకం.

"ఇదేమిటని ఎప్పుడూ అడగలేదా?"

"అడిగిన. చేరిన కొత్తల. కాగితంల ఉన్నట్టు చెయ్యమన్నరు. మళ్ళ అడిగితే, దీనికి చదువ రాదా ఏందనుకుంటరని ఊకున్న." వేలు మూడో గడి మీద పెట్టింది. "రాసుడు మాత్రం రాసిన."

వ్యాఖ్యల గడిలో ఆమె చేతిరాత: కింద గుంపులు ఉన్నవి, లెక్కలో రావు. తర్వాతి పేజీలోనూ అదే, ఆ తర్వాతి పేజీలోనూ అదే. నాలుగు పుస్తకాల్లో అలాంటి పేజీలు అరవై ఒకటి. తెల్లవాటి గడి ఒక్కటే చూసి ఈమెయిల్ పంపేవాళ్ళూ, ఆ గడి ఒక్కటే చాలనుకున్న నేనూ వాటిని చదవలేదు.

టోలిచౌకి

సాయంత్రం శ్రీలత బస్సే నేనూ ఎక్కాను. ఆమె వాళ్ళ అక్క ఇంట్లో టోలిచౌకిలో ఉంటుంది. ఇరానీ చాయ్ తాగకుండా ఊరు వదిలి వెళ్ళకూడదని ఆమె అన్నది. హోటల్లో చాయ్ నాలుగు రూపాయలు, ఉప్పగా తియ్యగా ఉండే బిస్కెట్ రూపాయి. ఒక చాయ్ తెచ్చి ఇద్దరు పంచుకోవడం అక్కడ తప్పు కాదు. సర్వరు అడక్కుండానే రెండో కప్పు పెట్టాడు. నేను చాయ్ ఒలకబోసుకుని, నా సొంత నోటు పుస్తకంలో రెండు పేజీలు పోగొట్టుకున్నాను.

ఇంటికి వెళ్ళాక వాళ్ళ అక్క సుజాత గారు అన్నం తినకుండా కదలనివ్వలేదు. పచ్చిపులుసు పోసింది. మా ఇళ్ళల్లో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయలు, కాల్చిన మిరపకాయలు నలిపి, అలాగే పోసేస్తారు. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

"సారూ, ఒక మాట చెప్పున్రి" అంది సుజాత గారు గరిటె పట్టుకుని. "మా చెల్లె ఇంట్ల ఉప్పేస్తే ఒక్కనాడు తప్పలె. గాడ లెక్కెట్ల తప్పుతది?"

"అక్కా, ఊకో" అంది శ్రీలత.

"నేనేమన్న? ఉప్పు ముచ్చట చెప్తున్న."

ఇంకా చెప్పగల స్థితిలో లేనన్నాను. ఆవిడ ఇంకో గరిటె పులుసు పోసి, "తిని చెప్పున్రి అయితే" అంది.

మేడమీద, గురువారం

గురువారం పొద్దున్న గుంపులు కంటికే కనిపించాయి. ప్లేటు వెలుతురుకు పట్టుకుంటే గుంట అడుగున తెల్లటి చుక్కలు. పైనుంచి తీసిన చుక్కలో, ఎప్పటిలాగే, నేను కాకినాడలో అంచనా వేసినదాంట్లో సగం వచ్చాయి. పుస్తకాలు తీసుకుని మేడమీదికి వెళ్ళాను.

నేను ఆరో వాక్యం పేరెత్తగానే డాక్టర్ గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆయనది తెనాలి వైపు. కోపమొచ్చినా అండీ మానరు.

"ఏవండీ, ఆ గుంపుల్ని చెదరగొడితే కణాలు పెరగవు. దగ్గరగా ఉండబట్టే ఒకదానికొకటి కబురు అందించుకుంటాయి. ఊరికే రాయలేదండీ నేను."

"పెంచడానికి ఆ మాట నిజమేనండి. లెక్కకే పనికిరాదు. లెక్క కోసం ఒకటి రెండు గుంటలు చెదరగొడదాం. మిగతావి ముట్టుకోవద్దు."

"అదంతా మీ ఊహ. ఆ అమ్మాయి చెయ్యి బాగుందని ఏమిటండీ రుజువు?"

"రేపు మీరే చుక్కలు తీసి, మీరే నంబర్లు వేయండి. ఏది ఏదో మాకు చెప్పకండి. ఆవిడ ఒకసారి, నేను ఒకసారి లెక్కపెడతాం."

ఆయన ఒప్పుకుంటూనే ఇంకో ప్రశ్న వేశారు.

"సరే, కణాలు కిందే ఉన్నాయనుకోండి. మరి మీ చావు పదం సంగతేమిటి?"

"అది ఉండదండి."

"మీ థీసిస్‌లో మూడో అధ్యాయం అదే కదూ?"

"అవునండి."

"పోతుందన్నమాట."

"పోతుందండి."

ఆయన రెండు టీలు తెప్పించారు. మెట్లు దిగుతూ నెలలు లెక్కపెట్టుకున్నాను. ఆ అధ్యాయానికి ఎనిమిది నెలలు పట్టింది.

వంటగది, శుక్రవారం

డాక్టర్ గారు తొమ్మిదింటికే కిందికి వచ్చి తెల్లకోటు వేసుకున్నారు. అది ఆయన పొట్టకు కొంచెం బిగుతు. ఎక్కువ మోతాదు ప్లేటులో రెండు గుంటలు ఎంచుకున్నారు. ముందు ఒక్కోదాని పైభాగం నుంచి చుక్క తీశారు. తర్వాత అదే గుంటను పిపెట్‌తో ముప్ఫైసార్లు పీల్చి వదిలి, గుంపులు విడిపోయాక మళ్ళీ చుక్క తీశారు. నేనూ శ్రీలతా గోడవైపు తిరిగి నిలబడ్డాం. శ్రీలతకు వీపు ఇటు ఉన్నా చెవి అటే ఉంది.

"సార్, బుడగలొస్తున్నయి. మెల్లగ."

"నువ్వు తిరక్కమ్మా."

"తిరుగుతలేను సార్. చప్పుడుకే తెలుస్తది."

ఆయన మెల్లగా చేశారు.

తీసిన చుక్కలు నాలుగు చిన్న గొట్టాల్లో ఉన్నాయి, వాటి మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. ఏది ఎక్కడిదో రాసిన చీటీ ఆయన జేబులో. శ్రీలత మొదట కూర్చుంది. ఆమె బొటనవేలు మీట మీద కదలడం, మీట టక్కుమనడం తప్ప గదిలో చప్పుడు లేదు. తర్వాత నేను కూర్చున్నాను. ఈసారి గడి ఏదీ మర్చిపోలేదు. ఇద్దరం ఒకరికొకరం చూపకుండా చీటీలు రాసి ఇచ్చాం. డాక్టర్ గారు చీటీలు తీసి గట్టు మీద పక్కపక్కన పెట్టారు.

మొదటి గొట్టం: ఆమెది 286, నాది 281. రెండోది: 139, 142. మూడోది: 144, 141. నాలుగోది: 290, 284.

జేబులో చీటీ బయటికి వచ్చింది. రెండూ మూడూ పైనుంచి తీసినవి. ఒకటీ నాలుగూ గుంపులు విడగొట్టాక తీసినవి. చావు పదం తీసేసి చూస్తే నా సమీకరణం శుక్రవారానికి 295 చెప్పింది.

డాక్టర్ గారు కళ్ళజోడు తీసి తానే మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు. ఆయన అక్కడ కూర్చుని చాలా ఏళ్ళయిందని శ్రీలత నాతో గొంతు తగ్గించి చెప్పింది. మొదటి గొట్టం ఆయన లెక్కలో 288 అయింది. తల ఎత్తకుండానే అడిగారు.

"చేరినప్పుడే అడిగావు కదూ నువ్వు?"

"అడిగిన సార్."

"ఊఁ."

లేచి, గోడ మీది కాగితం పీకి, ఆమె ముందు పెట్టారు.

"ఆరోది కొట్టేసి నువ్వు రాయమ్మా."

"నాకు టైపు రాదు సార్."

"చేత్తోనే రాయి. కింద నీ పేరు కూడా రాయి. పద్ధతి నీది."

లెక్కకు వేరే గుంట ఉంచవలెనని, దాన్ని ముప్ఫైసార్లు కలిపి గుంపులు విడిపోయాకే చుక్క తీయవలెనని, మిగతా గుంటలు కదిలించరాదని ఆమె రాసింది. పేరు రాసేటప్పుడు మాత్రం కలం ఒకసారి విదిలించింది.

నేను గ్రానైట్ గట్టు మీదే నా పేజీ రాశాను. డాక్టర్ గారు అడిగినట్టు పట్టికగానే, కథల్లేకుండా. ఆయన రెండుసార్లు చదివారు. కింద, శ్రీలత కాంట్రాక్టు ఇంకో ఏడాది, అని రాసి సంతకం చేసి ఆఫీసుకు పంపారు. ఆ పేజీ నకలు నా దగ్గరుంది. చేతిలో లోపాలు: సున్న. కాగితంలో: ఒకటి. సమీకరణంలో: ఒకటి. మొత్తం: రెండు.